వాడు లేచేదాకా

"వాడు లేచాక బయలుదేరదాం," అన్నాడాయన. అని, కారు తాళంచెవి చొక్కా జేబులో వేసుకుని, పెట్రోలు బంకు వెనక రేకుల షెడ్డు కింద ఉన్న పొడుగాటి బల్ల మీద వెల్లకిలా పడుకుని, కళ్ళకి మోచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. చూసినవాళ్ళు నిద్రపోతున్నాడనే అనుకుంటారు. ఆమె అనుకోలేదు. నిద్రపోయే మనిషి కాలి బొటనవేలు అలా ఆడుతూ ఉండదు. ఆయన పడుకున్న చోటినుంచి కారు కనబడుతుంది, కారులోంచి ఆయన కనబడతాడు, మధ్యలో ఎండ. ఎండకి అవతల ఒక మనిషి పైపు పట్టుకుని లారీ కడుగుతున్నాడు. వెనక సీట్లో ఆమె తొడ మీద తల పెట్టుకుని, నోరు తెరుచుకుని, చెల్లెలి కొడుకు నిద్రపోతున్నాడు. మూడున్నరేళ్ళ బుడ్డోడు. వాడి మధ్యాహ్నం నిద్ర గంటసేపు. ఇక్కణ్ణించి చెల్లెలి ఇంటికి దారి ఇంకో గంట. ఈ గంటా ఆ గంటా అయిపోతే వాడు వాళ్ళమ్మ దగ్గర ఉంటాడు, తను ఖాళీ కారులో వెనక్కి వస్తూ ఉంటుంది. అంతే మిగిలింది. అందుకే ఆమె ఊపిరి కూడా చూసి చూసి పీలుస్తోంది.

కాలు తిమ్మిరెక్కింది. కదపడానికి లేదు. వాడి గుప్పిట్లో కొలత టేపు చివర ఉంది, రెండో చివర ఆమె మెడ చుట్టూ తిరిగి ఉంది. కదిలితే టేపు లాగుతుంది, టేపు లాగితే వాడికి తెలిసిపోతుంది. స్కూలు యూనిఫారాలు కుట్టే దుకాణంలో ఆమె పని. పొద్దున మెడలో వేసుకున్న టేపు ఇంటికొచ్చాక కూడా తియ్యడం మర్చిపోయేది, దానితోనే వంట, దానితోనే అంట్లు. ఎనిమిది నెలల పిల్లవాణ్ణి మొదటిసారి భుజాన వేసుకున్నప్పుడు, వాడు ఏడ్చి ఏడ్చి గుప్పిట తెరిస్తే అందులోకి వచ్చింది ఆ టేపే. చివరనున్న ఇత్తడి ముక్క నోట్లో పెట్టుకుని చప్పరిస్తూ నిద్రపోయాడు. వాడికి ఆ రోజునుంచీ నిద్ర అంటే టేపు. వాడి లాలాజలానికి, చెమటకి మొదటి అంకెలన్నీ చెరిగిపోయాయి. ఎవరికైనా కొలత తీయాలంటే టేపు తిప్పి అవతలి చివరనుంచి మొదలుపెడుతుంది. "నీ టేపుకి తల లేదే తల్లీ, మొండెమే ఉంది," అని దుకాణంలో పెద్ద టైలరమ్మ నవ్వుతుంది. కొత్తది కొనుక్కోవచ్చు. కొనుక్కోలేదు. కొత్తదాన్ని వాడు పట్టుకోడు, గట్టిగా ఉంటుంది, కొత్త రబ్బరు వాసన వేస్తుంది.

ఒక్క రోజులో అయిపోయే దారి ఇది. మూడు రోజులు చేసుకుని వస్తున్నారు. "నెమ్మదిగా పోదాం, తొందరేముంది," అన్నాడాయన బయలుదేరే ముందు, అప్పటినుంచీ ఆగిన ప్రతిచోటా అదే మాట. స్కూలు వ్యాను నడిపే మనిషి, పిల్లల్ని బండిలో ఎలా తీసుకెళ్ళాలో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. వ్యాను యజమానిని అడిగి అతని పాత కారు తెచ్చాడు. దాని ఎడమ తలుపు ఒకసారి వేస్తే పడదు, తెరిచి రెండోసారి గట్టిగా వెయ్యాలి. పెద్ద రోడ్డు వద్దు, లారీలు, టోలు చార్జీలు, హోరు. పాత రోడ్డు మీద పోదాం, చెట్లుంటాయి, ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చు అన్నాడు. ఉడకబెట్టిన గుడ్లు, రొట్టె, అరటిపళ్ళు, నీళ్ళ డబ్బా. కిటికీకి బట్టల క్లిప్పులతో దుప్పటి. వాంతి వస్తే పట్టడానికి ప్లాస్టిక్ కవర్లు, వాసన చూపించడానికి నిమ్మతొక్కలు. మొదటి రోజు ఆయనతో పాటు వ్యాన్లు నడిపి మానేసిన స్నేహితుడి ఇంట్లో నేల మీద చాపలేసుకుని పడుకున్నారు, నిన్న ఒక లారీల తూకం కాటా వెనక గదిలో. బుడ్డోడికీ వాడి అక్కకీ అదంతా పండగలాగే ఉంది. నేల మీద నలుగురూ వరసగా పడుకోవడం, కారు బానెట్ మీద గుడ్లు వలుచుకోవడం, అరటి తొక్కలు మేకలకి పెట్టడం. వాడు దారిలో ఎన్నిసార్లు నవ్వాడో. నవ్విన ప్రతిసారీ, ఇది ఇంటికి తిరిగొచ్చే ప్రయాణమైతే ఎంత బాగుండేది అనుకుంది.

ఆపమంటే ఆపాలి, అది ఆయన పెట్టిన రూలు. పిల్లల్లో ఎవరు ఆపమన్నా కారు ఆగాల్సిందే. స్కూలు వ్యానులో ఏ పిల్లవాడు ఆపమన్నా ఆపడానికి కుదరదు కదా, ఇన్నేళ్ళూ వాళ్ళు అద్దాలకి ముక్కులు ఆనించి చూసినవన్నీ దాటించుకుంటూ వచ్చాను, ఇప్పుడు ఆపుతాను అన్నాడు. బుడ్డోడు కొంగని చూసి ఆపమన్నాడు. నీళ్ళ గుంట చూసి ఆపమన్నాడు. ఒకచోట ఏమీ లేదు, బోర్డు కూడా లేదు, అక్కడా ఆపమన్నాడు. "ఏముందిరా ఇక్కడ?" అని అడిగితే, "ఏం లేదు. చూద్దామని," అన్నాడు. ఆయన దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, అటూ ఇటూ కలియజూసి, "నిజమేరా, ఏం లేదు," అని మళ్ళీ ఎక్కాడు. ఆమెకి నవ్వొచ్చింది. ఆయనకి అక్కడ కూడా ఇంకాసేపు ఉండాలనే ఉంది, ఆమె చూసింది, ఏమీ లేని చోట.

తర్వాత ఆ రూలులోనే ఇంకో ఆట కలిపింది ఆమె. వాడు తనని పెద్దమ్మా అని పిలిస్తే గెలిచినట్టు, గెలిస్తే ఒక ఆపు వాడిది, వాడు చాలనేదాకా. అమ్మా అని పిలిస్తే ఓడినట్టు, ఓడితే పిల్లిలా అరవాలి. మొదటి రోజంతా కారు నిండా పిల్లులే. "అమ్మా, నీళ్ళు" అనడం, నాలిక్కరుచుకోవడం, మ్యావ్ అనడం. వాడికి ఓడిపోవడమే ఎక్కువ నచ్చింది ముందు. రెండో రోజుకి పిల్లులు తగ్గాయి. ఇవాళ పొద్దున్నించీ ఒక్కటీ అరవలేదు. మెలకువగా ఉన్నంతసేపూ వాడు గెలుస్తూనే ఉన్నాడు. నిద్రలేచేటప్పుడు మాత్రం, ఆట గుర్తు రాకముందు, కళ్ళు పూర్తిగా తెరుచుకోకముందు, ఆ ఒక్క క్షణం, ఇంకా అమ్మా అనే పిలుస్తున్నాడు. ఇవాళ పొద్దున తూకం కాటా వెనక గదిలో కూడా అలాగే పిలిచాడు. ఆ పిలుపుని ఆటలో లెక్కవెయ్యొద్దని ఆమే చెప్పింది. ఇప్పుడు ఈ నిద్ర లేవాలి. రాత్రికి వాడు పడుకునేది చెల్లెలి పక్కన, రేపు పొద్దున లేచి ఎవర్ని పిలిచినా పలికేది చెల్లెలే. మిగిలింది ఈ ఒక్క లేవడం. వాడు లేవకూడదు, లేస్తే గంట అయిపోతుంది. వాడు లేవాలి, లేస్తేనే పిలుస్తాడు. రెండూ ఆమెకి ఒకేసారి కావాలి.

పైపులోంచి నీళ్ళు లారీ రేకుకి తగులుతున్నాయి, ఆగకుండా. ఈ చప్పుడు ఆమెకి తెలుసు. పోయినేడు చెల్లెలి ఇంటికి వెళ్ళినప్పుడు విన్నది. అప్పటికి చెల్లెలికి తగ్గి కొన్ని నెలలైంది. బుడ్డోడు పుట్టాక దాని మనసు చెదిరిపోయింది. పిల్లవాడు ఏడుస్తుంటే గోడ వైపు తిరిగి చెవులు మూసుకునేది, ఒకరోజు వాణ్ణి మంచం మీద వదిలేసి చెప్పుల్లేకుండా వీధి చివరిదాకా వెళ్ళిపోయింది, ఎక్కడికమ్మా అంటే తెలియదంది. డాక్టరు చాలాకాలం పడుతుంది, ఓపిక పట్టండి అన్నాడు. మరిది శీతల గిడ్డంగిలో పని, రాత్రి డ్యూటీలు, ఇద్దరు పిల్లల్నీ ఆ జబ్బునీ ఒక్కడూ మొయ్యలేకపోయాడు. పిల్లలు అక్క ఇంటికి వచ్చారు. పోయినేడు వెళ్ళిన ఆ రోజు చెల్లెలు ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని, గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాచింది. వాడు పెద్దమ్మ వెనక దాక్కుని, తొంగిచూసి, "అమ్మా, ఈ ఆంటీ ఎవరు?" అన్నాడు. చెల్లెలు నవ్వింది. "ఆంటీనే నాన్నా, ఆంటీనే," అంది. మంచినీళ్ళు తెస్తానని వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి తిప్పిన చప్పుడు. నీళ్ళు సింకులో పడుతూనే ఉన్నాయి, పడుతూనే ఉన్నాయి. ఒక్క గ్లాసు నిండటానికి అంతసేపు పట్టదు. ముందుగదిలో అందరూ ఆ చప్పుడు వింటూ ఒకరి మొహాలు ఒకరు చూసుకోకుండా కూర్చున్నారు. గ్లాసు తెచ్చేటప్పటికి దాని మొహం కడుక్కున్నట్టు తడిగా ఉంది. ఆ తర్వాత రెండు నెలలు మళ్ళీ మందులు పెంచారని మరిది ఫోన్లో చెప్పాడు. అందుకే ఈ ఆట. ఈసారి ఆ కుళాయి తిప్పాల్సిన పని చెల్లెలికి రాకూడదు.

కిటికీ దగ్గర నీడ పడింది. వాడి అక్క. ఆరు దాటిన పిల్లకి ఇంట్లో అందరూ పెట్టిన పేరు ముసలమ్మ. మాటలన్నీ ముసలమ్మ మాటలే. ఫ్రాకు నిండా గులకరాళ్ళు పోసుకుని వచ్చింది.

"ఇంకా లేవలేదా వీడు?"

"ఉష్‌. మెల్లగా."

"రోజూ ఈపాటికి లేస్తాడు. నువ్వు జోకొడుతున్నావు, అందుకే లేవట్లేదు."

ఆమె చూసుకుంది. నిజమే, చెయ్యి వాడి తొడ మీద దానంతటదే కదులుతోంది. ఆపేసింది.

"పెద్దమ్మా, మనం నిజంగానే వెళ్తున్నామా? పోయినసారిలాగా మళ్ళీ వెనక్కి తిరిగేస్తామా?"

"నిజంగానే. మీ బట్టలన్నీ తెచ్చాం కదా."

ముసలమ్మ ఆలోచించింది. ఒక రాయి తీసి కిటికీ అంచు మీద పెట్టింది. "పెదనాన్న నిన్న కూడా అన్ని చోట్లా ఆపాడు. బుడ్డోడు అడగకపోయినా ఆపాడు. నీకు వెళ్ళాలని లేదా?"

ఆ పిల్ల తిట్టలేదు, నిష్ఠూరమాడలేదు. తెలుసుకుందామని అడిగింది, అంతే. తనే మళ్ళీ అంది, "నాకుంది. అమ్మ జడ నాలుగు పాయలు వేస్తుంది. నీకు మూడే వచ్చు." అని రాళ్ళు సర్దుకుని షెడ్డు వైపు వెళ్ళిపోయింది, ఎండలో కాళ్ళు కాలకుండా గెంతుతూ.

ముసలమ్మకి ఎప్పుడూ ఈ చిక్కు లేదు. మూడేళ్ళప్పుడు వచ్చింది, అమ్మ ఎవరో తెలిసే వచ్చింది. మొదటిరోజునుంచీ తను పెద్దమ్మే, ఆయన పెదనాన్నే. నాన్న అన్న మాట కూడా ఖాళీగా లేదు, మరిది నెలకోసారి వచ్చి వెళ్ళేవాడు, వస్తూ బిస్కెట్లు తెచ్చేవాడు. ఆయన బుడ్డోడికి కూడా పెదనాన్నగానే ఉండిపోయాడు, ఆ మాటలోనే ఇల్లు కట్టుకుని హాయిగా కూర్చున్నాడు. అమ్మ అనే మాట ఒక్కటే ఇంట్లో ఎవరూ వాడకుండా పడి ఉంది. దాన్ని వాడు తీసుకున్నాడు. ఆమె నేర్పలేదు. ఈ సంగతి ఆమె ఎంతమందికి చెప్పిందో, పెద్ద టైలరమ్మకి, పక్కింటావిడకి, చివరికి ఆయనకి కూడా, నేను నేర్పలేదండీ అని. ఒకరోజు మిషను తొక్కుతుంటే నేల మీద కూర్చుని గుండీల డబ్బా బోర్లించుకుంటున్నవాడు, గుండీ ఒకటి పైకెత్తి చూపించి అమ్మా అన్నాడు. ఆమె పాదం ఆగిపోయింది. సూది బట్టలో సగం దిగి నిలబడిపోయింది. ఇంట్లో ఇంకెవరూ లేరు. తప్పు నాన్నా, పెద్దమ్మా అను, అనాలి అప్పుడు. అనడానికి నోరు తెరిచింది కూడా. "ఏం నాన్నా?" అంది. ఒక్కసారి పలికాక ఇంకోసారి పలకకపోవడం ఎలా. మొదట్లో ముసలమ్మే దిద్దేది, "అమ్మ కాదురా, పెద్దమ్మరా," అని, రోజూ దిద్దేది, తర్వాత విసుగొచ్చి మానేసింది. పిల్లలు లేని ఇల్లని ఆ వీధిలో ఎవరూ వాళ్ళని ఏమీ అనలేదు, మంచి మనుషులు. ఒక్క పెద్ద టైలరమ్మ మాత్రం, పోయిన వారం, కత్తెర పక్కన పెట్టి, "ఎంత బాగా కుట్టినా ఎవరి గుడ్డ వాళ్ళకి ఇచ్చెయ్యాలి కదమ్మా మనం," అని, అన్నాక తన మాటకి తనే జడిసి, "టీ తాగుతావా?" అంది.

ఒళ్ళోని ఫోను వణికింది. చెల్లెలు. పొద్దున్నించీ ఇది మూడోసారో నాలుగోసారో. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడింది.

"అక్కా, ఎక్కడిదాకా వచ్చారు?"

"వచ్చేశామే. వాడు పడుకున్నాడు. లేవగానే బయలుదేరతాం."

"లేపకక్కా. పడుకోనీ. మధ్యలో లేపితే చిరాగ్గా ఉంటాడేమో." తర్వాత, "ఏం చేస్తున్నాడు?"

"పడుకున్నాడని చెప్తున్నానుగా పిచ్చిదానా."

"అదేలే. ఎలా పడుకున్నాడు?"

ఆమె కిందికి చూసింది. "వెల్లకిలా. నోరు తెరుచుకుని. నీలాగే."

"నేను నోరు తెరుచుకుంటానా?"

"ఈగ దూరితే మేం ఇద్దరం పందెం వేసుకునేవాళ్ళం, నేనూ నాన్నా. బయటికొస్తుందా రాదా అని."

అవతల నవ్వు వినబడింది. ఎన్నాళ్ళకో చెల్లెలి పాత నవ్వు, ముక్కులోంచి వచ్చేది. ఆ నవ్వుకి ఆమె కళ్ళు నిండాయి. దీనికి నిజంగానే బాగైంది. ఆ మాట మనసులో అనుకుంటే సంతోషమే వచ్చింది, ఈసారి ముందు సంతోషమే వచ్చింది. నెల క్రితం, డాక్టరు సరేనన్నాడక్కా, పిల్లల్ని తీసుకొస్తావా అని ఫోన్లో అడిగినప్పుడు ముందు వచ్చింది అది కాదు. అప్పుడు ముందు చూసింది బుడ్డోడి చెప్పుల వైపు, గుమ్మం పక్కన ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా.

"అక్కా, నువ్వు చెప్పినవన్నీ గుర్తు పెట్టుకున్నా. గుడ్డులో ముందు పచ్చసొన తింటాడు, తెల్లది బతిమాలాలి. రాత్రి లేస్తే లైటు వెయ్యకూడదు. తలకి నీళ్ళు పోసేటప్పుడు కళ్ళు మూసుకో అనకూడదు, పైన కాకి చూడు అనాలి."

"అంతే."

"ఇంకా ఏమైనా ఉందా? నువ్వు మర్చిపోయినవి? చిన్నదైనా సరే."

గుప్పిట్లో టేపు. ఇత్తడి ముక్క వేళ్ళ సందులోంచి మెరుస్తోంది.

"లేదు," అంది ఆమె. "అంతే."

ఫోను పెట్టేశాక ఆ రెండు మాటలూ కారులోనే ఉండిపోయాయి, ఈగల్లాగా, ఎటు విసిరినా మళ్ళీ వచ్చి వాలుతూ. అన్నీ చెప్పింది. అన్నీ సర్దింది. వాడి నిక్కర్లకీ చొక్కాలకీ అంచుల్లో లోపలికి వెడల్పుగా మడత వదిలి కుట్టింది, స్కూలు బట్టలకి కుట్టినట్టే, పిల్లవాడు పెరిగేకొద్దీ మడత విప్పుకుంటూ పోవచ్చు. చెల్లెలికి కుట్టు రాదు, సూదిలో దారం ఎక్కించమంటే దారం తడిపి తడిపి అలిసిపోతుంది. అందుకని మడతలన్నీ గొలుసు కుట్టు వేసింది. ఒక్క కొస పట్టుకుని లాగితే చాలు, దారం మొత్తం జరజరా వచ్చేస్తుంది, మడత దానంతటదే దిగుతుంది. ఏ కొస లాగాలో తెలియడానికి అక్కడ ఎర్రదారం ముడి వేసింది. మూడు నిక్కర్లకి మూడేళ్ళ పెరుగుదల. తను చూడని పొడుగంతా తనే మడిచి పెట్టింది. అంత చేసిన మనిషి ఈ ఒక్క టేపు సంగతి ఎందుకు చెప్పలేదు? వాడు రాత్రి నిద్రపట్టక గుప్పిట తెరిచి మూసి, తెరిచి మూసి, ఏం కావాలో చెప్పడం రాక ఏడిస్తే, చెల్లెలు ఏం చేస్తుంది? లైటు వెయ్యకుండా చీకట్లో కూర్చుని, తనకి రాలేదని, తన చేతుల్లో ఏదో తక్కువని అనుకుంటుంది. మళ్ళీ గోడ వైపు తిరుగుతుంది. లేదా, అక్కకి ఫోను చేస్తుంది. అక్కా, నిద్రపోవట్లేదు, ఏం చెయ్యను? అదీ అసలు సంగతి. ఆ ఫోను కోసమే. ఒక్కసారి, ఎప్పుడో ఒక్కసారి, తను లేకపోతే వాడికి కుదరదు అని అవతలివాళ్ళ నోటితో వినాలని. ఛీ అనుకుంది. ఛీ అనుకున్నా టేపు ఇత్తడి ముక్క మెరుస్తూనే ఉంది.

ఎండ జరిగింది. దుప్పటి అంచు కిందనుంచి వచ్చి వాడి పాదం మీద పడింది. ఆమె ఒక్క చేత్తో క్లిప్పు తీసి దుప్పటిని కొంచెం కిందికి లాగి మళ్ళీ పెట్టింది. ఈ పాదం మొదట వచ్చినప్పుడు ఆమె అరచేతిలో ఇమిడిపోయేది. అవతల బల్ల మీద ఆయన లేచి కూర్చున్నాడు. ముసలమ్మ ఆయన పక్కన చేరి రాళ్ళు చూపిస్తోంది, ఆయన ఒక్కొక్కటీ తీసుకుని ఎండకి ఎత్తి, నగ చూసినట్టు చూస్తున్నాడు. ఆయనకి పిల్లల్ని దింపడం రోజూ పనే. పొద్దున ఎక్కించుకోవడం, సాయంత్రం దింపడం. ఒక పద్ధతుంది ఆయనకి. ఇంటి ముందు ఆపి హారన్ కొట్టి పిల్లల్ని దింపేసి పోడు, దిగి, పిల్లవాడి చెయ్యి పట్టుకుని గేటుదాకా నడిచి, లోపలినుంచి వచ్చిన మనిషి చేతిలో ఆ చెయ్యి పెట్టాకే వ్యాను కదులుతుంది. ఒక ఇంట్లో కర్ర పట్టుకుని నడిచే తాతయ్య వస్తాడు, ఆయన గేటుదాకా వచ్చేసరికి వ్యానులో మిగతా పిల్లలు కేకలు, వెనక బండ్లు హారన్లు. ఈయన కదలడు. నిన్న సాయంత్రం గుడ్లు వలుస్తూ అన్నాడు, ఆమె వైపు చూడకుండా, గుడ్డు వైపు చూస్తూ, "రేపు నువ్వు వాణ్ణి ఎత్తుకోకు. నడిపించు."

"ఎందుకండీ?"

"చంకలోంచి ఇస్తే లాక్కున్నట్టుంటుంది వాడికి. నడిచి వెళ్తే వాడే వెళ్ళినట్టుంటుంది." పెంకు ముక్క ఒకటి గోటికి అంటుకుంటే దాన్ని చాలాసేపు తీశాడు. "చెయ్యి ఇచ్చేశాక కూడా ఒక్క నిమిషం ఆగాలి. వెంటనే తిరిగితే పిల్లలు భయపడతారు."

ఒక్క నిమిషం ఆగి తిరగాలి. ఆమె ఆ నిమిషాన్ని నిన్నటినుంచీ తిప్పి తిప్పి చూస్తోంది. ఆ నిమిషంలో ఎటు చూడాలి. చెల్లెలి మొహం వైపా. వాడి పాదాల వైపా. ఇంటికెళ్ళాక గుండీల డబ్బా ఎక్కడ పెట్టాలి, ఎత్తున పెట్టే పని లేదు ఇంక, వాడు అందుకుంటాడని బీరువా మీద పెట్టేది, ఇంక మిషను పక్కనే పెట్టుకోవచ్చు, ఎక్కడ కావాలంటే అక్కడ. నీళ్ళ చప్పుడు ఆగింది. లారీ కడిగిన మనిషి పైపు చుట్టుకుంటున్నాడు. ఎంత నిశ్శబ్దం. ఈ నిశ్శబ్దానికి లేస్తాడు. ఇంట్లో కూడా అంతే, మిషను తొక్కుతున్నంతసేపూ పడుకునేవాడు, ఆపగానే లేచేవాడు, అందుకని పని లేకపోయినా బట్ట లేకుండా ఉత్తినే తొక్కేది కొన్నిసార్లు.

వాడి కాలివేళ్ళు విచ్చుకున్నాయి. ముందు అవే లేస్తాయి, తర్వాత మోకాలు, తర్వాత ముక్కు చిట్లింపు. గుప్పిట బిగిసింది, మెడ వెనక టేపు చిన్నగా లాగింది. ఆమె వంగింది. ఆయన అక్కడ రాళ్ళు చూస్తున్నాడు, ముసలమ్మ దూరంగా ఉంది. కారులో ఎవరూ లేరు, ఆమె తప్ప వినేవాళ్ళు లేరు. ఈ ఒక్కటీ. ఇది నాకు ఉండనీ, ఎవరికీ ఏమీ తగ్గదు. వాడు కళ్ళు తెరిచాడు. కారు కప్పుకేసి చూశాడు, వేలాడుతున్న దుప్పటిని చూశాడు, తలకిందులుగా ఆమె మొహం చూశాడు. తెరిచి ఉన్న నోరు మూసుకుంది, పెదవులు రెండూ కలిశాయి. అమ్మా అనడానికి నోరు తెరిచే ఉండాలి కదా. అప్పుడే తెలిసిపోయింది ఆమెకి.

"పెద్దమ్మా," అన్నాడు.

నిద్ర గొంతుతో, గరగరగా, తడుముకోకుండా. వాడు లేచి కూర్చుని, చెంప మీద ఆమె బట్ట ముడతలు అచ్చు పడి ఉండగా, మొహమంతా వెలుగుతూ, "నిద్దట్లో కూడా అన్నాను! గెలిచానా?" అన్నాడు.

"ఊఁ."

"గెలిచానా చెప్పు!"

"గెలిచావు నాన్నా. గెలిచేశావు." వాడి జుట్టు వెనక్కి దువ్వింది, చెమటకి నుదుటికి అంటుకున్నది. "మరి నీకో ఆపు వచ్చింది. ఎక్కడ ఆపుదాం? కొంగ దగ్గరా? నీళ్ళ దగ్గరా? ఏమీ లేకపోయినా సరే, ఎక్కడంటే అక్కడ."

వాడు నిజంగానే ఆలోచించాడు. కనుబొమలు ముడి పడేలా ఆలోచించాడు. కిటికీలోంచి అక్క వైపు చూశాడు, రోడ్డు వైపు చూశాడు.

"వద్దు," అన్నాడు. "ఇంక ఆపొద్దు. అమ్మ దగ్గిరికి పోదాం."

ఎంత తేలిగ్గా మారిపోయింది ఆ మాట, ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి, సామాను లేకుండా. ఆమె తల ఊపింది. మూడు రోజులుగా నేర్పిందే కదా. అక్కడ గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాచి ఉంటుంది చెల్లెలు, ఈసారి కుళాయి తిప్పక్కర్లేదు. ఆయన బల్ల మీదనుంచి లేచి చొక్కా దులుపుకుంటున్నాడు, జేబులో తాళంచెవి తడుముకుంటున్నాడు. ముసలమ్మ పరుగెత్తుకొచ్చి ఎక్కి తమ్ముడి పక్కన కూర్చుంది.

ఆమె దిగడానికి తలుపు తీసింది. టేపు లాగింది. వాడి గుప్పిట ఇంకా మూసే ఉంది. ఆమె వంగి, మెడ వెనకనుంచి టేపు తీసి, వేళ్ళకి చుట్టి, ఆ చుట్ట ముసలమ్మ ఒళ్ళో రాళ్ళ మీద పెట్టింది.

"అమ్మకి చెప్పు. పడుకునేటప్పుడు వాడి చేతిలో ఇది పెట్టమని. ఈ చెరిగిపోయిన చివర."

"నువ్వు చెప్పలేదా? అన్నీ చెప్పానన్నావుగా?"

"మర్చిపోయానే."

ముసలమ్మ ఆమె మొహంలోకి చూసింది, నిజంగా ముసలివాళ్ళు చూసినట్టు. "సరేలే. నేను చెప్తా," అని టేపుని ఫ్రాకులో రాళ్ళతో కలిపి మూటకట్టింది.

"మరి నీకో?" అన్నాడు బుడ్డోడు.

"నాకు ఇంకోటుంది. దుకాణంలో."

ఆమె ముందు సీట్లోకి వచ్చి కూర్చుంది. తలుపు వేసింది, పడలేదు, తెరిచి గట్టిగా వేసింది. ఆయన తాళంచెవి పెట్టి తిప్పాడు. నెమ్మదిగా పోదాం, తొందరేముంది అంటాడని చూసింది. అనలేదు. వెనక వాడు, "పోనీ పెదనాన్నా," అన్నాడు, కారు కదిలింది. ఆమె చెయ్యి అలవాటుగా మెడ దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఏమీ లేదు. కాసేపు అక్కడే ఉండి, ఒళ్ళోకి దిగింది.